రెక్కలో తడి – పదకొండో భాగం: హీటర్ ఎవరికోసం

ముందు ఈ మాట మీకే. డెలివరీ తేదీల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టుకుంటూ కూర్చునే పెద్దలకి. నెలకి రెండుసార్లు కారు దిగి, టీ తాగి, చూపించిన కాగితం చూసి, చూపించని రెక్క వైపు తలైనా తిప్పకుండా సంతకం పెట్టిపోయే ప్రభుత్వ భద్రతా కార్యాలయం వారికి కూడా. విమానం తయారుచేసేవాడి చేతికే దాన్ని పరీక్షించే అధికారమూ ఇచ్చి, మా పని అయిపోయిందని చేతులు దులుపుకున్నారు. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దుకుంటే ఎవడు తప్పుతాడు? ఏడు విమానాలు మీ సంతకాలతో గాల్లోకి లేచాయి. రోజూ జనం ఎక్కుతున్నారు, బెల్టు పెట్టుకుంటున్నారు, కిటికీలోంచి రెక్కని పిల్లలకి చూపిస్తున్నారు. ఆ రెక్కలో ఏముందో వాళ్ళకి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. మీకు తెలియకపోవడం మాత్రం అమాయకత్వం కాదు. తెలుసుకోకుండా ఉండడానికి మీరు పడిన అవస్థలో సగం తెలుసుకోవడానికి పడి ఉంటే, ఒక ఆడమనిషి ఒంటరిగా ఇంత బరువు మొయ్యాల్సి వచ్చేది కాదు.

కథ ఎక్కడిదాకా వచ్చిందో కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పాలి.

రెక్కల షెడ్డుని ఆనుకుని ఒక చిన్న గది. అందులో ఇన్‌స్పెక్టర్ ఆవిడ. వయసు నలభై ఆరు. ఫ్యాక్టరీ అంతా నొక్కుడమ్మ అంటారు, పదిహేడేళ్ళుగా ఆమె చేస్తున్నది నొక్కడమే కాబట్టి. విమానం రెక్క లోపలంతా ఇంధనం ట్యాంకే. రేకూ రేకూ కలిసే ప్రతి అతుకు మీదా బూడిదరంగు సీలెంట్ పూస్తారు. చూడ్డానికి చిక్కటి పేస్టు. అది గట్టిపడి రబ్బరులా అయ్యేదాకా రెక్కని కదపకూడదు, ఇంధనం పొయ్యకూడదు. గట్టిపడిందా లేదా అని అతుకునే గుచ్చి చూస్తే అతుకు పాడవుతుంది. అందుకని సీలెంట్ కలిపిన ప్రతి కప్పులోంచీ ఒక ముద్ద తీసి, చిన్న రేకుముక్క మీద అంటించి పక్కన పెడతారు. దాన్ని సాక్షి అంటారు. సాక్షి గట్టిపడితే రెక్కలోదీ గట్టిపడ్డట్టే. నొక్కుడమ్మ సాక్షిని మీటరుతో నొక్కి, అంకె సరిపోతే స్టాంపు వేస్తుంది. స్టాంపు పడితే రెక్క కదులుతుంది.

పోయిన సోమవారం, ఈ చలికాలంలో కట్టిన ఎనిమిదో విమానం రెక్కలో ఎవరో గుడ్డముక్క మర్చిపోయారంటే, కంతలోంచి ఆమే చెయ్యి పెట్టి తీసింది. తీస్తూ తీస్తూ వేలు ఒక అతుకు మీద ఆనింది. ఆనిన వేలు దిగింది. టార్చి వేసి చూస్తే బూడిదరంగు మీద తన వేలిముద్ర, గీతలతో సహా. ఆ అతుకు తాలూకు సాక్షి అప్పటికి ఆమె బల్ల మీద గట్టిగా ఉంది, గోరు గుచ్చినా గుచ్చుకోనంత గట్టిగా. సాక్షి ఒక మాట, రెక్క ఒక మాట. ఆమె స్టాంపు వెయ్యలేదు. ఎర్ర చీటీ రాసి రెక్కకి వేలాడదీసింది. అంతకుముందు ఏడు విమానాలకి వేసిన స్టాంపుల సంగతేమిటన్న ప్రశ్న మాత్రం చీటీ మీద రాయలేదు. గుండెలో పెట్టుకుంది.

మంగళవారానికి జవాబు వచ్చింది. మీటరు సరిచూపించుకోవాలి, ఇన్‌స్పెక్టరుకి కంటి పరీక్ష, కొద్ది రోజుల విశ్రాంతి అవసరం, అని. కింద డెలివరీ మేనేజరు సంతకం. షెడ్డులో ఆయన్ని తేదీల దొర అంటారు. పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోతాడేమో గాని, ఏ విమానం ఏ పూట గేటు దాటాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. విశ్రాంతి మాట పట్టించుకోకుండా ఆమె పనికి వస్తూనే ఉంది. ఆయన ఆమెని పిలిచి తిట్టలేదు. అంతకంటే తెలివైన పని చేశాడు. షెడ్డులో నూటనలభై మందికి ఆ నెల సెలవులన్నీ రద్దు చేశాడు. కారణం అడిగినవాళ్ళకి నోటితో ఏమీ చెప్పకుండా గడ్డంతో ఆమె గది వైపు చూపించాడు.

ఆ మధ్యాహ్నం నుంచి క్యాంటీన్‌లో ఆమె బెంచీ ఖాళీ. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. ఆమె వచ్చి కూర్చోగానే ఒకడికి చెయ్యి కడుక్కోవడం గుర్తొస్తుంది, ఇంకొకడికి ఫోన్ వస్తుంది. పదిహేడేళ్ళు ఆ బెంచీ మీద ఎన్ని వేళాకోళాలు. రివెట్లు కొట్టే పొడుగాయన రోజూ ఒకటే జోకు వేసేవాడు. "అక్కా, ఆ మీటరు పట్టుకెళ్ళి దొర గుండె ఒకసారి నొక్కి చూడు. అంకె దాటిపోయి ముల్లు విరిగిపోద్ది." రోజూ అదే జోకైనా రోజూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ పొడుగాయన గోడ వైపు తిరిగి తింటున్నాడు. ఆయన చెల్లెలి పెళ్ళికి పెట్టుకున్న సెలవు పోయింది. ఆయన్ని అనడానికి లేదు.

ఇంటికి పోతే మూడో అంతస్తులో రెండు గదులు. బుధవారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆదివారం తప్ప చెయ్యని మనిషి మధ్యలో చేసిందంటే సంగతి ఉందన్నమాట. బావ అదే ఫ్యాక్టరీలో పెయింటు షాపులో ఉన్నాడు. ఆయన్ని ఎవరో అడిగారట, ఆవిడ మీ మరదలేనా అని. అక్క కోప్పడలేదు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది, దగ్గు తగ్గిందా అని అడిగింది, చివర్లో గొంతు తగ్గించి, కొన్నాళ్ళు మా ఇంటికి రాకపోవడమే మంచిదేమో అంది. నొక్కుడమ్మ సరేనంది. ఫోన్ పెట్టేశాక ఆ గదిలో గోడగడియారం తప్ప మాట్లాడే వస్తువు లేదు.

అయినా ఆమె బుర్ర ఆగలేదు. ఒకే కప్పు, ఒకే చేత్తో కలిపిన సీలెంట్. అదే పేస్టు సాక్షిలో గట్టిపడి, రెక్కలో పచ్చిగా ఎలా ఉంటుంది? అదే బుధవారం ఉదయం షెడ్డులో ఒక కప్పు కలుపుతుంటే ఆమె రెండు ముద్దలు అడిగి తీసుకుంది. కలిపే ఆవిడ మొహం చూడకుండానే ఇచ్చింది. ఒకదాన్ని ఎప్పట్లాగే తన గదిలో స్టాండు మీద పెట్టింది. రెండోదాన్ని దారం కట్టి రెక్క కిందే, ఆ రెక్క పీల్చే గాలిలోనే వేలాడదీసింది.

శుక్రవారం పొద్దున్న రెండూ నొక్కింది. ముప్పై దాటితే పాసు. గదిలోది నలభై రెండు. రెక్క కింద వేలాడింది పదకొండు. మీటరు మొన వెన్నలోకి దిగినట్టు దిగింది.

షెడ్డులో చలి. చలికాలం మొదలైన రోజు నుంచీ పైకప్పు హీటర్లకి 'మరమ్మతులో ఉంది' అని బోర్డు. పనివాళ్ళు రెండేసి స్వెట్టర్లు వేసుకుని, నోట్లోంచి పొగలొస్తుంటే పనిచేస్తున్నారు. సీలెంట్‌కి స్వెట్టరు ఉండదు. చలిలో అది రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఇటు ఆమె గదిలో బల్ల కింద చిన్న కరెంటు హీటరు, ఎర్రటి కడ్డీలతో నిశ్శబ్దంగా వెలుగుతోంది. దానికి రెండడుగుల దూరంలో సాక్షుల స్టాండు.

ఆమె కుర్చీలో కూలబడింది. ఎదురుగా హీటరు. అది వట్టి హీటరు కాదు ఆమెకి.

నాలుగు నెలల కిందట, చలి మొదట్లో, ఆమెకి దగ్గు పట్టుకుంది. మూడు వారాలు ఒదల్లేదు. ఒక పొద్దున ఫోర్‌మన్ ఆ హీటర్ని చంటిబిడ్డని మోసినట్టు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. షెడ్డులో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆమెకి ఈ పని నేర్పింది కూడా ఆయనే. బల్ల కింద దూరి ప్లగ్గు పెట్టి, చేతులు దులుపుకుని, నీ దగ్గు వినలేక చస్తున్నామమ్మాయ్ అన్నాడు. ఆ రోజే రెక్కల కింద ఉండే సాక్షుల స్టాండుని ఆమె గదిలోకి తెచ్చి పెట్టించాడు, చలిలో అటూ ఇటూ తిరిగే బాధ తప్పుతుందని. మర్నాటినుంచి సాక్షులు ఒక్క రాత్రికే గట్టిపడుతుంటే ఆమె అడక్కపోలేదు. కొత్త రకం సీలెంట్ వచ్చింది, తొందరగా అవుతుంది, అన్నాడు. బాబాయ్ చెప్పాక ఇంకెవరిని అడుగుతుంది?

ఆ వారమే ఆమె ఊలు కొని ఆయనకి మఫ్లరు అల్లింది. అక్కకి ఫోన్ చేసి, మా వాళ్ళు నాకోసం హీటరు పెట్టించారే, అని చెప్పింది. మా వాళ్ళు అని. సాయంత్రం గది తాళం వేసే ముందు దాని మీద దుమ్ము తుడిచేది. పొద్దున్నే స్విచ్చి నొక్కి, కడ్డీలు ఎర్రబడేదాకా చూస్తూ నిలబడేది. ఈ పెద్ద ఫ్యాక్టరీలో తన దగ్గు ఒకరికి వినపడిందన్న సంగతి ఆ కడ్డీల వెలుగులో ఆమెకి రోజూ కొత్తగా కనపడేది. ఒంటరిగా బతికేవాళ్ళకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

తన ఒంటికి తగిలిన వెచ్చదనమే ఆ ముద్దలకీ తగిలింది. ఆ సంగతి కనిపెట్టాల్సింది ఎవరు? తనే. పదిహేడేళ్ళ సర్వీసు. సాక్షి ఎప్పుడూ రెక్క పీల్చే గాలే పీల్చాలన్నది మొదటి రోజు నేర్చుకున్న పాఠం. కాళ్ళు వెచ్చగా ఉన్నాయని ఆ పాఠం మర్చిపోయింది. ఏడు విమానాలు. ఏడింటికీ తన స్టాంపు, నంబరు నలభై ఒకటి.

అప్పుడు ఆమెకి వచ్చిన ఆలోచన చూడండి. తన గురించి కాదు. బాబాయ్ గురించి. పాపం జాలిపడి హీటరు తెచ్చిన మనిషి, ఈ గొడవలో ఇరుక్కుంటాడే అని. దొర కుర్చీలో కూర్చున్నవాడికి జన్మలో రాని ఆలోచన అది.

తనకి రాసిన విశ్రాంతి పేరు చెప్పి పూట సెలవు పెట్టి బస్సెక్కింది. బాబాయ్ నడుం నొప్పితో సోమవారం సాయంత్రం నుంచే సెలవులో ఉన్నాడు. వెళ్ళేసరికి మధ్యాహ్నం పన్నెండు. రెండో అంతస్తు, మెట్ల పక్కన గొలుసు వేసిన సైకిలు, రంగు పెచ్చులూడిన తలుపు. పిన్ని తలుపు తీసింది. తీయగానే మొదలెట్టింది. ఇన్నేళ్ళు టేంకుల్లో దూరి దూరి పనిచేసిన మనిషికి లేని నడుం నొప్పి మొన్న సోమవారం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అర్థం కావట్లేదంది. డాక్టరు దగ్గరికి పదమంటే రాడు. నిద్రపోడు, నన్ను పోనివ్వడు. "నువ్వొచ్చావు, నువ్వైనా చెప్పమ్మా. నా మాటకంటే రేడియో మాట నయం ఈయనకి. దాన్నైనా వింటాడు."

బాబాయ్ ముందు గదిలో నేల మీద చెక్కబల్ల వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడకి ఆమె అల్లిన మఫ్లరు. ఆమెని చూసి లేవబోయి, లేవలేక, కూర్చోమని చేత్తో నేల చూపించాడు. ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. పిన్ని టీ పెడతానని లోపలికెళ్ళింది.

బస్సులో మాటలన్నీ వరసగా పేర్చుకుని వచ్చింది గాని, నోరు తెరిస్తే చిందరవందరగా వచ్చాయి. రెండు ముద్దల సంగతి చెప్పింది. నలభై రెండు, పదకొండు. స్టాండు ఉండాల్సింది రెక్క కిందనీ, హీటరు పక్కన కాదనీ, తను ఆ సంగతి చూసుకోలేదనీ చెప్పింది. ఆయన పైకప్పు వంక చూస్తూ విన్నాడు.

"తప్పు నాదే బాబాయ్," అంది. "మీరు నా దగ్గు చూడలేక తెచ్చిపెట్టారు. హీటరు నేనే అడిగి తెప్పించుకున్నానని రాస్తాను. స్టాండు నేనే జరిపించుకున్నానని రాస్తాను. మీ పేరు ఎక్కడా రానివ్వను."

  వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడుతోంది. కిటికీలోంచి కింద రోడ్డు మీద ఎవరో లారీని వెనక్కి రానిస్తూ 'రైట్, రైట్' అంటున్నారు.

"అది నీకోసం తెచ్చింది కాదమ్మాయ్," అన్నాడు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. పెద్దరికం కొద్దీ, చేసిన మంచిని చెప్పుకోవడం ఇష్టం లేక అంటున్నాడనుకుంది. ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ముద్దల కోసం తెచ్చాను. దొర ఇచ్చాడు. ఊరికే స్టాండు తెచ్చి నీ గదిలో పెడితే నువ్వు ఎందుకని అడుగుతావు. నువ్వు అడిగే మనిషివి, అలా నేర్పింది నేనే. ఏదో ఒక సాకు కావాల్సొచ్చింది. నీకు దగ్గు పట్టుకుంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఆయన చెప్పిందంతా చదునుగా, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. పైకప్పు హీటర్లు బాగుచెయ్యడానికి షెడ్డు మూడు వారాలు మూసెయ్యాలి. మూస్తే తేదీలు పోతాయి. మూయకపోతే ఒక్కో రెక్క గట్టిపడ్డానికి వారం పైనే పడుతుంది. అయినా తేదీలు పోతాయి. దొర పిలిచి కూర్చోబెట్టి, రెక్కని వెచ్చబెట్టలేకపోతే సాక్షినైనా వెచ్చబెట్టు, కాగితం కదులుతుంది, రెక్క దారిలో అదే ఆరుతుంది, అన్నాడు. నవ్వుతూ అన్నాడట. బాబాయ్ రెండు రోజులు ఒప్పుకోలేదట. మూడో రోజు ఒప్పుకున్నాడు. కొత్త రకం సీలెంట్ మాట కూడా దొర చెప్పమన్నదే. కొత్త రకం ఏదీ లేదు.

నొక్కుడమ్మకి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఒళ్ళంతా, చెవుల దాకా సిగ్గు. నాలుగు నెలలు ఆ డబ్బాకి దుమ్ము తుడిచింది. అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఈయన మెడకి ఊలు అల్లింది, అల్లుతున్నంతసేపూ లోపల్లోపల పాట పాడుకుంది. తన దగ్గు ఒకరికి వినపడిందని అనుకుంది. నిజమే, వినపడింది. విని, ఎందుకు పనికొస్తుందో చూసుకున్నారు.

ఇది రాసుకోండి పెద్దలూ. సీలెంట్ కప్పులు లెక్కేస్తారు, రివెట్లు లెక్కేస్తారు, గంటలు లెక్కేస్తారు. ఒక మనిషి ఒంటరితనాన్ని పనిముట్టుగా వాడుకున్నది ఏ రిజిస్టర్లో రాశారు?

ఆమె మామూలు గొంతుతో అడిగింది, మరి నా మఫ్లరు ఎందుకు తీసుకున్నారు బాబాయ్ అని. ఆయన మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. తియ్యబోయాడు. ఒద్దు ఉంచుకోండి, చలి, అంది ఆమె.

పిన్ని టీ తెచ్చింది. కప్పులు నేల మీద పెడుతుంటే సాసర్లు గలగల్లాడాయి. ఆమె అన్నీ విన్నదని మొహంలో తెలుస్తోంది. వెళ్ళి గుమ్మంలో నిలబడింది, లోపలికీ పోలేదు, ఇక్కడా కూర్చోలేదు.

బాబాయ్ ఇప్పుడు బతిమాలడం మొదలుపెట్టాడు. అయిందేదో అయింది. ఆ ఏడూ ఎప్పుడో వెళ్ళిపోయాయి, వెచ్చటి ఊళ్ళు తిరుగుతున్నాయి, ఈపాటికి సీలెంట్ రాయిలా గట్టిపడి ఉంటుంది. గేటు దాటేముందు కారుతుందేమోనని గాలి పట్టి చూశారు, అన్నీ పాసయ్యాయి. ఇప్పుడు తెరవమంటే మన షెడ్డు పిల్లలే ఆ టేంకుల్లో వెల్లకిలా పడుకుని ముక్క ముక్కా గీకాలి, నెలలు పడుతుంది, వాళ్ళ నడుములు నా నడుములాగే అవుతాయి. వాళ్ళు చేసిన పనిలో ఒక్క తప్పు లేదమ్మాయ్, వాళ్ళ చేతులు మంచి చేతులు, అన్నాడు.

"వాళ్ళ చేతుల్ని నేనేమన్నాను?" అంది ఆమె. "మీరే కదా ఒక పాత రేకుముక్క తెచ్చి నాకు చూపించింది. పచ్చిగా ఉన్నప్పుడు కదిపిన సీలెంట్. పైకి ఎంత గట్టిగా ఉందో. మీరు చాకు మొన పెట్టి లాగితే పట్టీ పట్టీ లేచొచ్చేసింది. గట్టిపడ్డం వేరు, అతుక్కోవడం వేరు అన్నారు. నేను చెప్పే మాట కాదది. మీ మాట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పచ్చిగా ఉండగానే ఆ రెక్కల్ని ఎత్తారు, తిప్పారు, ఇంధనం పోశారు. కదిలిన అతుకు తర్వాత గట్టిపడుతుంది, కాదనేవాళ్ళెవరు? రేకుని ఒదిలేసి గట్టిపడుతుంది. మధ్యలో వెంట్రుకంత సందు. నేల మీద గాలి పట్టి చూస్తే ఆ సందు కనపడదు. పైకి ఎగిరినప్పుడల్లా రెక్క ఒంగుతుంది, దిగినప్పుడల్లా సర్దుకుంటుంది. వెయ్యిసార్లు ఒంగాక సందు వేలెడవుతుంది. ఆ రెక్క కింద వేలాడేది ఇంజను, అది చల్లటి వస్తువు కాదు. ఇది ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి పుస్తకం చూడకుండా తెలిసిన సంగతి. మూడో మనిషి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నొక్కుడమ్మ ఒకటే అడిగింది. షెడ్డులో రోజూ పొద్దున్న ఎంత చలి ఉందో రాసే పుస్తకం ఎక్కడుందని. సోమవారం మధ్యాహ్నమే దొర మనిషి వచ్చి పట్టుకుపోయాడన్నాడు. అయితే మీకు గుర్తున్నది చెప్పండి అంది. ఏడింటిలో ఏది ఎక్కువ చలిలో పూశారు?

 ఆయన గుర్తులేదన్నాడు, వయసన్నాడు. అంతలో పిన్ని గుమ్మంలోంచి, రోజూ నిద్రలో అంటున్నావుగా, ఐదు ఐదు అని, అంది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"ఐదోది," అన్నాడు బాబాయ్. "ఆ వారం షెడ్డు పెద్ద తలుపు పట్టాల మీంచి తప్పుకుని ఇరుక్కుపోయింది. మూడు రోజులు బార్లా తెరిచే ఉంది. బకెట్లో నీళ్ళు గడ్డకట్టాయి. కుడి రెక్క ఆ తలుపు పక్కనే. దాన్ని నాలుగో రోజు పొద్దున్నే ఎత్తించాను."

"మీరే ఎత్తించారా?"

"నేనే. నీ స్టాంపు ఉందిగా."

ఆమె లేచింది. మీరు నాతో రండి, లేదా ఇక్కణ్ణుంచే ఫోన్‌లో ఈ నాలుగు ముక్కలు చెప్పండి, చాలు, అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నీకు చెప్పాను, నీకు చెప్పకపోతే నేను చచ్చినా నిద్రపోలేను, ఇంకెవరు అడిగినా చెప్పలేదంటాను, అన్నాడు. దొర దగ్గర నా సంతకంతో కాగితం ఉంది, అని కూడా అన్నాడు. ఏం కాగితమో చెప్పలేదు. ఆమె ఇంకాసేపు నిలబడింది, ఆయన మనసు మారుతుందేమోనని. టీ మీద మీగడ కట్టింది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు, క్యాంటీన్‌లో పొడుగాయన తిప్పుకున్నట్టే.

పిన్ని గుమ్మం దాకా వచ్చింది. చెప్పులు వేసుకుంటున్న ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. "నువ్వు చేసేది చెయ్యి తల్లీ. మా ఇంట్లోంచి మాత్రం చెయ్యకు," అంది. తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసింది. గడియ పడిన చప్పుడు మాత్రం వినపడింది.

మెట్ల మలుపులో నిలబడి ఆమె భద్రతా కార్యాలయానికి ఫోన్ చేసింది. మూడుసార్లు ఆ సీటు నుంచి ఈ సీటుకి తిప్పారు. మధ్యలో ఒకళ్ళు, భోజనాల వేళండీ, రెండున్నరకి చెయ్యండి అన్నారు. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నాలుగో మనిషి మర్యాదగా మాట్లాడాడు. ఫిర్యాదు నేరుగా తీసుకునే పద్ధతి లేదండీ, ఫ్యాక్టరీలో మా తరఫున అధికారం ఇచ్చినవాళ్ళ ద్వారా రావాలి, అన్నాడు. ఎవరికి ఇచ్చారని అడిగింది. కీబోర్డు టకటకలు. చదివి చెప్పాడు. డెలివరీ మేనేజరు.

ఆమె నవ్వలేదు, అరవలేదు. మెట్టు మీద కూర్చుంది. హీటరు, స్టాండు, రెండు ముద్దలు, తలుపు తెరిచున్న మూడు రోజులు, అన్నీ మొదటినుంచి చెప్పింది. బాబాయ్ పేరెత్తలేదు. అవతలి మనిషి మొదట ఊఁ కొట్టాడు. తర్వాత ఊఁ కొట్టడం మానేశాడు. రాసుకుంటున్న చప్పుడు మొదలైంది.

"ఆ ఏడింటి సాక్షులూ పాసని స్టాంపు వేసిందెవరండీ?"

"నేనే. నంబరు నలభై ఒకటి."

"మేడమ్, మీకు అర్థమవుతోందా? దీని మీద తీసే మొదటి కాగితం మీ మీదే అవుతుంది. మీతోపాటు చెప్పేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

ఆమె పైకి చూసింది. పెచ్చులూడిన తలుపు మూసే ఉంది.

"లేరు," అంది. "నేనొక్కదాన్నే. ఐదోది ఎక్కడుందో చూడండి ముందు."

ఉండమన్నాడు. కింద లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఎవరింట్లోనో కుక్కరు విజిల్ వేసింది. ఫోన్ పట్టుకున్న చెయ్యి చల్లబడిపోతే రెండో చేతికి మార్చుకుంది. ఆయన మళ్ళీ వచ్చేసరికి గొంతు మారింది.

"అది గాల్లో ఉందండీ. లేచి నలభై నిమిషాలైంది. ఇంకో గంటన్నరకి దిగుతుంది. నూట అరవై రెండు మంది ఉన్నారు. దిగిన గంటకే తిరుగు ప్రయాణం."

నొక్కుడమ్మ లేచి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె ఎవరికీ ఇలా చెయ్యి అలా చెయ్యి అని చెప్పలేదు. నొక్కింది, అంకె రాసింది, స్టాంపు వేసింది. ఇప్పుడు చెప్పింది, ఒక్కో మాటా అవతలివాడు రాసుకునేంత నెమ్మదిగా.

"రాసుకోండి. ఆ విమానం నడిపేవాళ్ళకి ఇప్పుడే కబురు పంపండి, కుడి ట్యాంకులో ఇంధనం ఉండాల్సినదానికంటే తొందరగా తగ్గుతోందేమో చూసుకోమనండి. దగ్గర్లో ఎక్కడ దిగగలిగితే అక్కడ దించండి. దిగాక మళ్ళీ లేవనివ్వొద్దు. ఒక్క చుక్క ఇంధనం పొయ్యనివ్వొద్దు. మిగతా ఆరు ఎక్కడివి అక్కడ ఆపండి, రేపు కాదు, ఈ గంటలో. ఎనిమిదోదాని మీద నేను కట్టిన ఎర్ర చీటీ ఎవరూ పీకకుండా మీ మనిషిని ఒకణ్ణి షెడ్డులో నిలబెట్టండి. మా మనిషి కాదు, మీ మనిషి. చలి రాసిన పుస్తకం మా డెలివరీ మేనేజరు దగ్గరుంది, అది తగలబడే లోపల తెచ్చుకోండి. తర్వాత నా మీద ఏ కాగితం తియ్యాలో తియ్యండి, నేనెక్కడికీ పోను. ముందు విమానాలు ఆపండి."